సాపు ప్రతిలో పోయిన మాటలు

తెలుగు ఉపాధ్యాయులుగా కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. నా ఉద్యోగకాలమంతా ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో గడిచింది. పదోన్నతుల సంగతి, సర్వీసు రిజిస్టరు సంగతి ఇందులో ఉండవు. అవి ఎవరికైనా ఒకే తీరుగా ఉంటాయి. పిల్లల చేత సొంతంగా రాయించడం, అందుకోసం వారి చేత ఒక నోటు పుస్తకం పెట్టించడం అనే ఒక్క పనిని గురించి మాత్రమే చెబుతాను. ఈ పనిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన పాఠం మాలకొండయ్య అనే మిత్రుని వల్ల నేర్చుకున్నాను. ఆయన ఇప్పుడు లేరు. ఆ పాఠం మా ఇద్దరికీ అర్థమయ్యేసరికి అది ఆయనకు ఉపయోగపడే కాలం దాటిపోయింది.

పచ్చని పొలాలు

ఉదయగిరి దగ్గర చేరిన మొదటి సంవత్సరం ఎనిమిదో తరగతికి 'మా ఊరు' అని వ్యాసం ఇచ్చాను. పుస్తకాలన్నీ తెచ్చి దిద్దడం మొదలుపెడితే, అన్నిటిలోనూ ఒకే ఊరు ఉంది. 'మా ఊరు మిక్కిలి అందమైనది. చుట్టూ పచ్చని పొలాలు కలవు. సెలయేళ్లు గలగల పారుచుండును.' ఆ ఏడాది ఆ చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయాయి. పిల్లలు ట్యాంకరు దగ్గర బిందెలు పెట్టి, నీళ్లు పట్టి, ఆ తరువాత బడికి వచ్చేవారు.

ముందు వరుసలో ఒక అమ్మాయిని లేపి అడిగాను.

"మీ ఊళ్లో సెలయేరు ఎక్కడుందమ్మా?"

"లేదు సార్."

"మరి ఎందుకు రాశావు?"

"గైడులో ఉండాది సార్."

"గైడు పక్కన పెట్టు. మీ ఊళ్లో ఏముందో అది రాయి."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "మా ఊళ్లో ఏం లేదు సార్, రాసేదానికి" అంది.

ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది. పిల్ల అబద్ధమాడలేదు. పుస్తకంలో ఉన్నదే రాయదగినదని, తన చుట్టూ ఉన్నది రాయదగినది కాదని ఎనిమిదేళ్లపాటు మనమే ఆమెకు నేర్పాము. అందుకే తరువాతి సంవత్సరం నుంచి ప్రతి తరగతిలోనూ మామూలు నోటు పుస్తకాలతో పాటు ఇంకొకటి పెట్టించాను. పిల్లలు దానిని 'సొంత నోటు' అనేవారు. చూసింది, విన్నది అందులో రాయాలి. బొమ్మ వేయగలిగితే వేయాలి. నాకు క్రమం ఇష్టం కనుక దానికీ కొన్ని నియమాలు పెట్టాను. పైన తేదీ ఉండాలి. ఎక్కడ విన్నది, ఎవరు అన్నది ఉండాలి. కొట్టివేతలు ఎన్ని ఉన్నా పేజీ చింపకూడదు. ఆ పుస్తకానికి మార్కులు లేవు, ఎర్ర సిరా లేదు.

ఈ నియమాలు నా బుర్రలో పుట్టినవి కావు. వీటిలో చాలావరకు మా బడి డ్రాయింగు మాస్టారు మాలకొండయ్యను చూసి పెట్టినవి.

చొక్కా జేబులోని పుస్తకం

మాలకొండయ్య నాకంటే చిన్నవాడు. పొట్టిగా, ఎప్పుడూ చేతివేళ్లకు సిరా మరకలతో ఉండేవాడు. చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి, దానికి రబ్బరు బ్యాండుతో కట్టిన పెన్సిలు ముక్క ఒకటి ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేవి. బస్సులోనైనా, సంతలోనైనా, టీ అంగట్లోనైనా ఎవరైనా ఒక మాట అంటే చటుక్కున పుస్తకం తీసేవాడు. ముందు మూడు నాలుగు గీతల్లో ఆ మనిషి ముఖం పడేది. దాని కింద ఆ మనిషి మాట, అన్నది అన్నట్టుగా పడేది. చెమటకు తడిసి, చమురు అంటి, మూలలు మడతపడి ఉండే ఆ పుస్తకాన్ని ఇంకెవరూ చదవలేకపోయేవారు. ఆయన చదవగలిగేవాడు. అదే చాలు.

ఒకసారి ఇద్దరం వింజమూరు బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాము. రేగుపళ్ల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ కదులుతున్న బస్సు వెంట పరుగెత్తుతోంది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఎగతాళి చేశాడు.

"నిదానంగా రా మే. బస్సేమన్నా నీ మొగుడా, వదిలేసి పోయేదానికి?"

ఆవిడ గంప బస్సులోకి తోసి, ఎక్కి, ఊపిరి పీల్చుకుని అంది.

"మొగుడైతే పోయినా అన్నానికొస్తాడు రా నాయనా. నీ బస్సు పోతే మళ్లా రేపే గదా."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. మాలకొండయ్య అప్పటికే పుస్తకం తీశాడు. మరునాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర స్టాఫ్ రూములో ఆ పేజీ చదివి అందరినీ నవ్వించాడు. ఇలాంటివి ఆయన దగ్గర వందలు ఉండేవి. ఈ మెట్ట ప్రాంతపు మనుషులంతా, వాళ్ల ముఖాలతో, వాళ్ల మాటలతో ఒక పుస్తకంలోకి రావాలని ఆయన కోరిక. "అచ్చయితే ముందుమాట మీరే రాయాల సార్" అనేవాడు. నేను సరేనన్నాను.

ప్రధానోపాధ్యాయుడు

అప్పుడు మాకున్న ప్రధానోపాధ్యాయుడు నిజాయితీపరుడు. గంట కొట్టకముందే బడిలో ఉండేవాడు. పిల్లల ఫీజు రాయితీ కోసం నెల్లూరు ఆఫీసు చుట్టూ సొంత ఖర్చుతో తిరిగేవాడు. ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం. అయితే ఆయన చేసిన ఒక పనిని మాత్రం నేను సమర్థించలేను.

ఒకరోజు మాలకొండయ్య తరగతికి ఆయన తనిఖీకి వచ్చాడు. తరగతిలో నేనూ ఉన్నాను, పిల్లల సొంత నోట్లు తీసుకోవడానికి వచ్చాను. బల్ల మీద ఉన్న జేబు పుస్తకాన్ని ఆయన చేతిలోకి తీసుకుని తిరగేశాడు.

"ఏందయ్యా ఇది?"

"ఊరికే రాసుకుంటా ఉంటాను సార్."

"రాసుకో, వద్దంటినా? మనుషులు చూసే మాదిరి రాసుకో. పిల్లకాయలకు మార్జిన్ కొట్టమని, అక్షరం వంకర పోకూడదని చెప్పేది నువ్వే. నీ పుస్తకం చూస్తే టీ అంగడి చిట్టా మాదిరి ఉండాది." ఇంకో పేజీ తిప్పాడు. "ఈ మొగుడేంది, అన్నమేంది? ఆడపిల్లకాయలు చదివే బడి ఇది. శుభ్రమైన తెలుగులో రాసుకోరాదా? పక్కన తెలుగు సార్ ఉండారు గదా, అడగరాదా?"

వెనక బెంచీల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. మాలకొండయ్య ముఖం మాడిపోయింది. పుస్తకం జేబులో పెట్టుకుని, "అట్లనే సార్" అన్నాడు. ఆ సంవత్సరం వేసవి సెలవుల్లో ఆయన ఆత్మకూరు వెళ్లి లాంగు సైజు బైండు పుస్తకం ఒకటి కొన్నాడు. చిత్తు పుస్తకాల్లో ఉన్నదంతా సాపు రాయడం మొదలుపెట్టాడు.

అధికారులను గురించి ఒక మాట ఇక్కడే చెబుతాను. చెడ్డ అధికారి వల్ల ఉద్యోగికి జరిగే నష్టం తక్కువ, ఎందుకంటే అతని మాటను మనం లెక్కచేయము. మంచి అధికారి అన్న తప్పుడు మాట జీవితాంతం పట్టుకుంటుంది. హాజరుపట్టీ, ప్రశ్నపత్రం, మార్కుల జాబితా ఇతరులు చూసేవి. అవి అద్దంలా ఉండి తీరాలి. రాసేవాడు తన కోసం పెట్టుకున్న పుస్తకం వేరు. ఈ రెండింటినీ ఒకే కొలతతో కొలవడం మన బడుల్లో అనాదిగా ఉన్న జబ్బు. పిల్లవాడి ఆలోచన ఏమిటని చూడకముందే మనం దస్తూరి చూస్తాము.

ఏటేటా

మాలకొండయ్య పట్టుదల గలవాడు. ఒకసారి సాపు రాసి ఊరుకోలేదు. ప్రతి వేసవిలోనూ కొత్త బైండు పుస్తకం కొని, పాతదాన్ని మళ్లీ ఎత్తిరాసేవాడు. రాసేటప్పుడు భాష దిద్దేవాడు. సందేహం వస్తే నిఘంటువు చూసేవాడు. 'ఉండాది' మొదట 'ఉంది' అయింది, తరువాత 'ఉన్నది' అయింది, ఇంకా తరువాత 'కలదు' అయింది. మొదటి ఏడాది జేబు పుస్తకాలు, ఆ తరువాత ఏటా పాత బైండు పుస్తకం, పని ముగిశాక ఇంట్లో నీళ్ల పొయ్యి రాజేయడానికి పోయేవి.

ఈలోగా నాకు ఆత్మకూరు బదిలీ అయింది. ఏడాదికొకసారి, పదో తరగతి జవాబుపత్రాలు దిద్దడానికి మేము, మార్కులు సరిచూడడానికి ఆయన నెల్లూరు వచ్చి కలిసినప్పుడు, సంచిలోంచి ఆ బైండు పుస్తకం తీసి చూపేవాడు. అక్షరాలు అచ్చు వేసినట్టు ఉండేవి. దిద్దే తొందరలో ఒకటి రెండు పేజీలు తిప్పి, దస్తూరి అద్భుతమని అందరూ అనేవారు. జేబు పుస్తకం మాత్రం క్రమంగా జేబులో కనిపించడం మానేసింది. కొత్తవి ఎప్పుడు రాస్తున్నావని అడిగితే, "ముందు ఉండేవి సక్కబడనీండి సార్" అన్నాడు.

ఎత్తిరాయడం అలవాటైన వాడికి అదే రాయడమని అనిపిస్తుంది. చేయి కదులుతుంది, పేజీలు నిండుతాయి, రోజు వృథా కాలేదన్న తృప్తి ఉంటుంది. మీ విద్యార్థుల్లో ఎవరైనా పాత నోటును పదేపదే అందంగా ఎత్తిరాస్తూ కనిపిస్తే మెచ్చుకోకండి. ఆ పిల్లవాడు రాయడం మానేశాడని తెలుసుకోండి.

ముందుమాట కోసం

ఉద్యోగ విరమణ తరువాత నేను ఉదయగిరిలో స్థిరపడ్డాను. మాలకొండయ్య ఆత్మకూరులో కూతురు పద్మ దగ్గర ఉండేవాడు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయని తెలిసి చూసి వచ్చాను. కొన్ని నెలల తరువాత పద్మ ఫోన్ చేసింది.

"పెదనాయనా, ఇంకొకసారి పక్షవాతం వస్తే కష్టమని డాక్టరు చెప్పినాడు. నాయన బతికుండగా ఆ పుస్తకం అచ్చేయించి చేతిలో పెట్టాలని ఉండాది నాకు. నెల్లూరులో ప్రెస్సు మాట్లాడినాను. మీరు చదివి ముందుమాట రాసిస్తే ఇచ్చేస్తాం."

పుస్తకం ఉదయగిరి బస్సులో పంపింది. కట్టు విప్పి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివాను. నేను మొదట వెతికింది రేగుపళ్ల ఆవిడ కోసం. ఆమె పేజీ దొరికింది. అక్కడ ఇలా ఉంది: 'తదుపరి బస్సు మరునాటికి గాని లేదని ఆ ఫలవిక్రేత్రి చింతించెను.'

వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. నా విద్యార్థి రాసి ఉంటే మార్కులు వేసేవాడిని. కానీ బస్సు వెంట పరుగెత్తిన మనిషి, ఎగతాళి చేసిన కండక్టరు, నవ్విన జనం ఎవరూ అందులో లేరు.

బొమ్మల సంగతి అంతకంటే ఘోరం. ముఖాన్ని జ్ఞాపకంతో మళ్లీ వేయడం కష్టం కనుక ఆయన ప్రతి ఏడాదీ పాత బొమ్మ మీద ట్రేసింగు పేపరు పెట్టి, గీతలు దింపి, కొత్త పుస్తకంలో ఇండియన్ ఇంకుతో దిద్దాడు. దింపిన ప్రతిసారీ గీత కొంత నునుపెక్కింది. వంకర ముక్కు సరి అయింది. ఊడిన పన్ను వచ్చింది. చివరికి గొర్రెల కాపరి, కండక్టరు, రేగుపళ్ల ఆవిడ, చెక్క గరిటెలు చేసే ఉదయగిరి పనివాడు అందరూ ఒక కడుపున పుట్టిన వారిలా ఉన్నారు. పాఠ్యపుస్తకాల్లో 'రైతు', 'కార్మికుడు' అని కింద రాసి వేసే బొమ్మల్లా ఉన్నారు.

ముందుమాట రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. ఒక్క వాక్యం కూడా రాలేదు. పుస్తకం తీసుకుని ఆత్మకూరు బస్సెక్కాను.

మార్కులు

పద్మ నన్ను గేటు దగ్గరే ఆపింది. నా ముఖం చూసి ఆమెకు అర్థమైనట్టుంది.

"బాగుండాదని చెప్పండి పెదనాయనా."

"వాడు అడుగుతాడమ్మా."

"అడిగినా అదే చెప్పండి. అచ్చయినాక ఎవరు చదవబోయేది? నాయన చేతిలో పెట్టి ఒక ఫోటో తీసుకుంటాను. నాకంతే చాలు."

ఆమె అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. అలాగే చెప్పాలనుకుంటూనే లోపలికి వెళ్లాను.

మాలకొండయ్య మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. మాట కొంచెం ముద్దగా వస్తోంది కానీ అర్థమవుతోంది. నా చేతిలోని పుస్తకం చూశాడు.

"ఏం సార్, దిద్దేసినారా పేపరు?"

"చదివినాను."

"ఎన్ని మార్కులు?"

"దస్తూరికి పదికి పది."

"దస్తూరి సంగతి నాకు తెలీదా? పుస్తకానికెన్ని?"

పద్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను.

"సార్, ఒక మార్కులో తప్పే పిల్లకాయల కోసం హెడ్మాస్టరు వచ్చి అడిగినా మీరు కలపలేదు. నాకు మాత్రం కలపబాకండి."

నేను ఇక దాచలేకపోయాను. "అందులో మనుషులు లేరు మాలకొండయ్యా. అందరూ ఒకటే మాదిరి మాట్లాడుతున్నారు. నేను తరగతిలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు."

పద్మ లోపలికి వెళ్లిపోయింది. మాలకొండయ్య ఒక పేజీ చదవమన్నాడు. నేను రేగుపళ్ల ఆవిడ పేజీ చదివాను. చదివి, వింజమూరు బస్టాండులో ఆమె అసలు ఏమన్నదో చెప్పాను.

ఆయన నోరు ఒక పక్కనే నవ్వింది. "అట్లనిందా ఆ యమ్మ?"

"అనింది. నేను పక్కనే ఉన్నాను గదా."

"మరి నేనెందుకు ఇట్ల రాస్తిని?"

"సాపు రాస్తివి."

ఆయనకు ఒక్కసారిగా ఓపిక వచ్చినట్టయింది. "అయితే పోయిందేముండాది సార్? అన్నీ తిరగరాద్దాం. నేను చెప్తా ఉంటాను, మీరు రాయండి. అచ్చు ఒక రెండు నెలలు ఆగితే ఏమవతాది? పద్మా, సార్‌కు తెల్లకాయితాలు ఇయ్యి మే."

పద్మ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది, నా వైపు చూడకుండా. నేను పుస్తకం తెరిచి తరువాతి పేజీ చదివాను. కొండాపురం వైపు ఒక ముసలాయనను గురించినది. 'ఆ వృద్ధుడు తన బావి ఎండిపోయిన వైనమును మిక్కిలి హాస్యముగా వర్ణించెను.'

"ఆఁ, గుర్తుండాడు. తెల్ల తలపాగా. ఆయన ఏమన్నాడంటే సార్..." మాలకొండయ్య కళ్లు మూసుకున్నాడు. "బావికాడ కూర్చోని... బావిని చూపించి..." ఆగిపోయాడు. పెదవులు కదిలాయి. బయటికి వచ్చింది పుస్తకంలోని వాక్యమే. "ఎండిపోయిన వైనమును మిక్కిలి హాస్యముగా..."

"అది కాదు. ఆయన అన్నది."

"అదే సార్, వస్తా ఉండాది. ఇంకోటి చదవండి, ఇది మళ్లా చూద్దాం."

ఇంకొకటి చదివాను. జలదంకి సంతలో ఎద్దు కొమ్ములకు రంగు వేయించుకున్న రైతు. అదీ రాలేదు. గొర్రెల కాపరిదీ రాలేదు. మొదటి రెండు పదాలు నేను చదవగానే మిగిలిన వాక్యమంతా, విభక్తితో సహా, ఆయన నోట వచ్చేది. దాని వెనకాల ఉన్న మాట వచ్చేది కాదు. పాఠం గట్టిగా కంఠస్థం కావాలంటే పదిసార్లు ఎత్తిరాయమని మేమే పిల్లలకు చెప్పేవాళ్లం. అది నిజమే. పుస్తకమంతా ఆయనకు కంఠస్థమైంది.

"మీకు గుర్తుండాదేమో సార్" అన్నాడు చివరికి. "ఆ ముసలాయనది స్టాఫ్ రూములో చదివినా గదా. మీరు అన్నం తింటా పొరబోయింది."

"పొరబోయింది గుర్తుంది."

"ఏమన్నాడు సార్?"

"అది గుర్తు లేదు మాలకొండయ్యా."

తెల్లకాగితాలను పద్మ తీసి పక్కన పెట్టింది. "నాయనా, ఇంక చాలించు. ఆయాసం వస్తాది" అంది. నాతో మొదటిసారి నేరుగా మాట్లాడింది. "మీరు బాగుండాదని ఒక మాట అనుంటే ఏం పోయేది పెదనాయనా?"

నా తరఫున మాలకొండయ్యే జవాబు చెప్పాడు. "సార్‌ను ఏమీ అనబాక. ప్రెస్సోళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పు."

ఏదో ఒకటి అనాలి కనుక అన్నాను. "పాతవి పోతే పోనీ. కొత్తవి చెప్పు, వచ్చినప్పుడల్లా నేను రాసుకుంటాను."

"కొత్తవి యాడనించి వస్తాయి సార్? మాటలు బస్టాండులో ఉంటాయి, సంతలో ఉంటాయి. ఈ మంచం కాడికొచ్చే వాళ్లంతా ఒకటే మాట. ధైర్యంగా ఉండండి సార్ అంటారు, టీ తాగుతారు, పోతారు."

ఉదయగిరి బస్సుకు వేళ అయింది. పద్మ గేటు తీసి నిలబడింది. నేను లేచి, మాలకొండయ్య ఎడమచేయి పట్టుకుని, ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను. నా చదువంతా తెలుగు చదువు. నా ఉద్యోగమంతా తెలుగు చెప్పడం.

"ధైర్యంగా ఉండు మాలకొండయ్యా" అన్నాను.